ఆరున్నరకును ఏడింటికిని నడుమ

హత్యానేరము మోపబడిన మనుష్యుడు “ఆ వేళకు నేనచ్చట లేను” అని చెప్పి దానిని స్థాపింపగలిగెనేని, అంతకంటె బలమైన సమాధానము వేరొకటి యుండదు. ఏలయన దేహధారియగువాడు ఏకకాలమున రెండు తావులయందుండుట ప్రకృతివిరుద్ధము. న్యాయవాదులు అలిబీ యని వ్యవహరించు ఈ వాదము పైకి స్థలమును గూర్చినదిగా కనబడినను, దాని బలమంతయు కాలముపై నాధారపడియున్నది. ఫలానివాడు ట్రామెక్కుట చూచితిమని చెప్పువారు పదుగురు దొరకుదురు. ఏ నిమిషమున చూచితిరని గట్టిగా నడిగినచో ఆ పదుగురిలో తొమ్మండుగురు తడబడుదురు. ప్రతి కొలతకును కొంత దోషపరిమితి కలదనుట పాఠశాలలో భౌతికశాస్త్రము చదివిన బాలురెరిగిన సంగతియే. పోలీసు దస్త్రములలో మాత్రము ఆ దోషపరిమితికి గడి లేదు. అందు “6-31” అని వ్రాయబడును. ఆ సంఖ్య వెనుక ఏ గడియారమున్నదో, ఎవరి జ్ఞాపకమున్నదో, ఎన్నవ పర్యాయమడిగినప్పుడు ఆ సమాధానము వెలువడినదో ఎచ్చటను కానరాదు. అట్టి ఖాళీలు ఒక మనుష్యుని ఉరికంబము వరకు నడిపించిన వృత్తాంతమొకటి ఇంగ్లాండు దేశమున 1931వ సంవత్సరమున జరిగినది.

లివర్‌పూలు నగరమున విలియం హెర్బర్టు వాలెసు అను నతడు ప్రుడెన్షియలు భీమా కంపెనీకి ఏజెంటుగా నుండెను. యౌవనమున కలకత్తాలోను, పిమ్మట షాంఘైలోను కొలువు చేసి, ఆరోగ్యము చెడి స్వదేశమునకు మరలినవాడు. అప్పటికతనికి 52 ఏండ్లు. చదరంగము, రసాయనశాస్త్రము, మార్కస్ అరీలియసు తత్త్వము అతని వ్యసనములు. ఆన్‌ఫీల్డు పేటలో వుల్వర్టన్ వీధిలోని 29వ నంబరు ఇంట భార్య జూలియాతో కాపురముండెను. జనవరి 19వ తేది సోమవారము సాయంకాలము, అతని చదరంగ సంఘము సమావేశమగుచుండిన సిటీ కెఫేకు ఒక టెలిఫోను వచ్చెను. తన పేరు క్వాల్‌ట్రో అని చెప్పుకొనిన ఆ వ్యక్తి, వాలెసు వృత్తికి సంబంధించిన పని కలదనియు, మరునాటి రాత్రి 7-30 గంటలకు 25, మెన్‌లవ్ గార్డెన్స్ ఈస్టు అను చిరునామాకు అతడు రావలెననియు సంఘము కప్తానుతో చెప్పి విరమించెను.

మరునాడు వాలెసు బయలుదేరి, ట్రాములు మారి, నగరము దక్షిణభాగమునకు పోయి, ఆ చిరునామాకై వీధి వీధి వెదకెను. మెన్‌లవ్ గార్డెన్స్ నార్తు కలదు, సౌతు కలదు, వెస్టు కలదు. ఈస్టు అను వీధి అసలే లేదు. త్రోవన పోవువారిని, పోలీసు కానిస్టేబులును, పత్రికలమ్ము దుకాణమువారిని విచారించి, ఫలము లేక, 8-45 గంటల ప్రాంతమున ఇల్లు చేరెను. వీధి తలుపు తెరువరాలేదు. పొరుగింటి దంపతులు దొడ్డిదారిన నిలిచియుండగా వెనుక తలుపు తీసికొని లోనికి పోయి చూచినంతనే, ముందుగదిలో జూలియా తల పగిలి మృతురాలై పడియుండెను. ఆమె దేహము క్రింద వాలెసు వానకోటు కొంత కాలి, నెత్తురు తడిసి యుండెను. పెట్టెలోని సొమ్ము సుమారు నాలుగు పౌనులు పోయినది.

ఈ కథను రెండు విధముల చదువవచ్చును. క్వాల్‌ట్రో యను వాడొకడుండి, వాలెసును దూరముగా పంపి, ఇంట చొరబడి ఈ ఘాతుకము చేసెననుట యొకటి. క్వాల్‌ట్రో వాలెసే యనియు, భార్యను చంపి, లేని వీధిని వెదకుచు కావలెనని పదిమంది కంటబడి సాక్ష్యమును కూర్చుకొనెననియు చెప్పుట రెండవది. పోలీసువారు రెండవదానిని గ్రహించిరి. అంతట సమస్య గణితసమస్య యయ్యెను. స్మిత్‌డౌన్ రోడ్డు కూడలియొద్ద 7-06 గంటలకు వాలెసు ట్రామెక్కెనని కండక్టరు చెప్పెను. ఇంటినుండి ఆ కూడలికి డిటెక్టివులు పలుమార్లు పోయి చూడగా 17 మొదలు 20 నిమిషములు పట్టెను. కావున ఎంత ఆలసించినను వాలెసు 6-49కి ఇల్లు వదలియుండవలెను. వారు ట్రాముల వెంట పరుగులిడుట చూచి ఊరివారు “ఆన్‌ఫీల్డు పరుగుపందెగాండ్రు” అని పరిహసించిరట! ఈ పరిహాసము నందొక శాస్త్రసత్యమున్నది: పడుచువాడగు డిటెక్టివు పరుగు, వ్యాధిగ్రస్తుడగు ఏబదిరెండేండ్లవాని నడకకు కొలత కాజాలదు.

ఇక రెండవ కొనను చూడవలెను. జూలియాను ప్రాణముతో కడపట చూచినవాడు పాలు పోయు పదునాలుగేండ్ల బాలుడు. అతడు ఏ నిమిషమున ఆమె చేతికి పాలిచ్చెనో, అది మొదలు 6-49 వరకు గల వ్యవధియే వాలెసునకు లభించిన సమయము. ఆ వ్యవధిలోనే అతడు పదకొండు దెబ్బలు కొట్టి చంపి, నెత్తురు కడుగుకొని, ఆయుధమును మాయము చేసి, దొంగతనము జరిగినట్లు పెట్టె చెదరగొట్టి, ఏమియు నెరుగనివానివలె వీధిలోనికి రావలెను. ఆ రాత్రి అతడు ధరించియున్న దుస్తులలో నెత్తుటిమరక యొకటియు దొరకలేదు. బాలుడు తోటిపిల్లలతో మొదట చెప్పిన వేళ 6-45 అని ఆ పిల్లలే కోర్టులో సాక్ష్యమిచ్చిరి. చర్చి గడియారము 6-25 చూపుచుండగా దాని ప్రక్కగా వచ్చితినని బాలుడు చెప్పగా, పోలీసువారతనిని మరల అదే త్రోవన నడిపించి, కాలము కొలిచి, 6-31 అని తేల్చిరి. ప్రక్కయింట వార్తాపత్రిక వేయు మరియొక బాలుడు, పాలబ్బాయి ఆ గుమ్మమున నిలిచియుండగా 6-37, 6-38 ప్రాంతమున చూచితిననెను. మొదటి లెక్కను వాలెసునకు నాలుగు నిమిషములు, చివరి లెక్కను పదకొండు, పోలీసువారి లెక్కను పదునెనిమిది. నాలుగు నిమిషములలో ఆ పని మానవమాత్రునకు సాధ్యము కాదు, పదునెనిమిదింటిలో కష్టసాధ్యము. ఒక మనుష్యుని ప్రాణము ఒక పసివాని జ్ఞాపకమునందలి పదునాలుగు నిమిషములపై నిలిచినదన్నమాట.

ఇట్టిచోట పాలబ్బాయి అబద్ధమాడెనా, పోలీసువారు నేర్పిరా యని అడుగుట సహజమే కాని, మనస్తత్త్వశాస్త్రము ఆ రెండును లేకయే ఇట్టి మార్పు జరుగునని చెప్పుచున్నది. నిత్యకృత్యములలోని కాలమును మనస్సు ముద్రించుకొనదు, అడిగినప్పుడు పునర్నిర్మించుకొనును. ప్రతిదినము పాలు పోయువానికి ఆనాటి పోత మొన్నటి పోతకంటె భిన్నముగా జ్ఞప్తియందుండుటకు కారణమేమియు లేదు. అది హత్య జరిగిన రాత్రి యని అతనికి తెలిసినది మరునాడు గదా! అంతట అతడు ఏదో యొక గురుతును, గడియారమునో గంటనో ఊతగొని, దానినుండి లెక్క కట్టును. ఆ లెక్క సాధారణముగా పావు, అర, ముప్పావు అను గుండ్రని సంఖ్యలవైపు జారును. ప్రశ్నించువాని మాట కూడ ఆ లెక్కలో కలిసిపోవును. 1974లో ఎలిజబెత్ లాఫ్టసు, జాన్ పామరు అను అమెరికా మనస్తత్త్వవేత్తలు కొందరికి మోటారుకార్లు ఢీకొనిన చలనచిత్రము చూపి, వాటి వేగమెంత యని ప్రశ్నించిరి. “తాకినప్పుడు” అని అడిగినవారికి వచ్చిన సగటు గంటకు సుమారు 32 మైళ్లు. “గుద్దుకొని తునాతునకలైనప్పుడు” అను అర్థమిచ్చు క్రియతో నడిగినవారికి సుమారు 41. చిత్రమొకటియే, చూచిన కన్నులొక తీరువే. ప్రశ్నలోని క్రియ యొకటి మారెను. అందుచేత సాక్షి చెప్పిన సమాధానము మాత్రమే వ్రాసి, అడిగిన ప్రశ్నను వ్రాయని దస్త్రము సగము దస్త్రమే. పాలబ్బాయి విషయమున మొదటి సమాధానము పోలీసు కాగితములవలన కాక, తోటిపిల్లల నోట కోర్టుకు చేరవలసివచ్చినదనుట గమనింపదగినది.

వైద్యశాస్త్రము ఈ చిక్కును విడదీయగలదని ఆనాటివారు నమ్మిరి. లివర్‌పూలు విశ్వవిద్యాలయమున న్యాయవైద్యశాస్త్రాచార్యుడైన జాన్ మెక్‌ఫాల్ రాత్రి పది గంటలకు కొంచెము ముందుగా ఆ ఇంటికి వచ్చి, శవమును పరీక్షించి, మెడయందును ఎడమభుజము పైభాగమునందును బిగువు ఏర్పడియుండుట గుర్తించి, మరణము సాయంకాలము ఆరు గంటల ప్రాంతమున సంభవించియుండునని నిర్ణయించెను. ఈ బిగువు, అనగా మరణకాఠిన్యము, ఎట్లు కలుగునో తెలిసికొన్నచో ఆ నిర్ణయమెంత బలహీనమో తెలియగలదు.

మన కండరములయందు ఆక్టిన్, మయోసిన్ అను రెండు మాంసకృత్తుల పోగులు ఒకదానిలో నొకటి చొచ్చి జారుచుండుటవలన సంకోచవ్యాకోచములు కలుగుచున్నవి. అవి పరస్పరము పట్టుకొనుట ఎంత సహజమో, పట్టు విడుచుటకు ఏ.టి.పి. అను శక్తిద్రవ్యము అంత యావశ్యకము. ప్రాణమున్నంతకాలము ఈ ద్రవ్యము క్షణక్షణమును పుట్టుచుండును. ప్రాణవాయువు ఆగిన పిమ్మట కొంతసేపు కండరములోని నిలువ సరుకుతో అది తయారగుచు, క్రమముగా తరిగి, చివరకు నశించును. అప్పుడు పోగులు పట్టుకొనిన పట్టు విడువలేక బిగిసిపోవును. సమశీతోష్ణ ప్రదేశములలో ఇది సాధారణముగా రెండు నాలుగు గంటలలో దవడ, మెడ మొదలగు చిన్న కండరములయందు పొడసూపి, పండ్రెండు గంటలకు దేహమంతట వ్యాపించి, పిమ్మట మాంసకృత్తులు క్షీణించుటచే సడలిపోవును. ఈ అంకెలన్నియు సగటులు మాత్రమే. గది వేడిగా నున్నచో త్వరపడును. చలిగా నున్నచో ఆలసించును. మరణమునకు ముందు పెనుగులాట జరిగినచో శక్తిద్రవ్యము ముందే వ్యయమైపోవుటచే బిగువు త్వరగా వచ్చును. కండపుష్టి లేని వృద్ధులయందును కృశించినవారియందును త్వరగా వచ్చి త్వరగా పోవును.

ఈ చివరి మాట వాలెసు కేసులో ఎంత విలువగలదో ఆనాడెవ్వరును ఎరుగరు. కోర్టునందందరును జూలియాను ఏబదులలోని స్త్రీగా నెంచిరి. భర్తయు ఆమెను తన యీడుదిగానే చెప్పుచుండెను. ఆమె నిజముగా 1861లో జన్మించెననియు, చనిపోవునాటికి 69 ఏండ్ల వృద్ధురాలనియు జేమ్సు మర్ఫీ యను గ్రంథకర్త జనన రికార్డులను శోధించి 2001లో బయటపెట్టెను. కావున ఆచార్యుడు తాను పరీక్షించుచున్న కండరముల వయస్సునే ఎరుగక కాలమును గణించెను. బలహీనమగు వృద్ధదేహమున బిగువు త్వరపడునను సూత్రమును పాటించినచో, అతడు చెప్పిన ఆరు గంటలకంటె మరణము తరువాతనే జరిగియుండవలెను. నిజమునకు ఆరు గంటలు అసాధ్యమని పాలబ్బాయియే నిరూపించెను. ఏ లెక్కను చూచినను ఆమె ఆరున్నర వరకు సజీవురాలు. తన అంచనా అరగంటయైనను తప్పియుండగా, రెండు గంటలు తప్పియుండలేదని ఆచార్యుడెట్లు చెప్పగలడు? రెండు గంటలు తప్పినచో మరణము రాత్రి ఎనిమిది గంటలకు జరిగినదగును. ఆ వేళకు వాలెసు మైళ్ల దూరమున మెన్‌లవ్ గార్డెన్సులో దారి యడుగుచుండెను.

అన్నిటికంటె శోచనీయమేమనగా, మెక్‌ఫాల్ శవము ఉష్ణోగ్రతను కొలువలేదు. దేహము చల్లబడు వేగమును బట్టి మరణకాలము గణించు పద్ధతి ఆనాటికే సుపరిచితము. అదియు నిర్దోషము కాదు. మరణానంతరము కొంతసేపు ఉష్ణోగ్రత ఇంచుమించు కదలకుండ నిలిచి, పిదప వేగముగా పడి, గది వేడికి సమీపించుచున్నకొలది మందగించును. కాబట్టి గంటకింత యని తిన్నని గీత గీచి లెక్కించుట పొరపాటు. బరువు, దుస్తులు, గాలి మొదలగునవన్నియు లెక్కించి జర్మను న్యాయవైద్యుడు హెన్స్‌గె తరువాతి కాలమున రచించిన పటము నేడు ప్రపంచమంతట వాడుకలో నున్నది. అది కూడ అనుకూలమైన పరిస్థితులలో నూటికి 95 పాళ్లు నమ్మదగిన సమాధానమును ఇటు 2.8 గంటలు, అటు 2.8 గంటలు దోషపరిమితితోనే ఇచ్చును. అయినను కొలిచి వ్రాసిన యొక ఉష్ణోగ్రత మిగిలియున్నచో నేటివారు దానిని క్రొత్త పటముపై నుంచి చూచియుందురు. కొలువని దానిని ఏ శాస్త్రమును వెనుకకు పోయి కొలువజాలదు.

ఈ కేసులో నిమిషమునకు నమ్మదగిన రికార్డు ఒక్కటి మాత్రమే యున్నది. అదియు యాదృచ్ఛికముగా లభించినది. సోమవారపు టెలిఫోను చేసినవాడు నాణెములు వేసి మీట నొక్కినను అవతలివారు పలుకలేదని ఎక్స్ఛేంజి ఉద్యోగినితో మొరపెట్టుకొనగా, లోపము సంభవించినదని ఆమె గుర్తు వ్రాసికొనెను. అందువలన ఆ టెలిఫోను ఆన్‌ఫీల్డు 1627 అను బూతునుండి 7-20 ప్రాంతమున వచ్చినదని తేలెను. ఆ బూతు వాలెసు ఇంటికి సుమారు నాలుగువందల గజముల దూరము. పని సవ్యముగా జరిగినచో ఆ పిలుపునకు గురుతే యుండెడిది కాదు. పోలీసువారు ఈ సామీప్యమును వాలెసు మెడకు చుట్టిరి. ఆ సాయంకాలము అతడు చదరంగమునకై ఇల్లు వదలిన సమయము దానికి సరిపోవుచుండెను. అయితే వాలెసును ఏండ్ల తరబడి ఎరిగియుండి, ఆ టెలిఫోను తానే అందుకొనిన సంఘము కప్తాను, ఆ కంఠము వాలెసుది కాదనియే చెప్పెను. వాలెసు ఇంటియొద్ద పొంచియుండి అతడు పోవుట చూచినవానికి కూడ ఆ బూతే సమీపము గదా యని ఎవ్వరును గట్టిగా ఆలోచించినట్లు లేదు.

ఇచ్చటనే రెండవ అలిబీ ప్రసక్తి వచ్చుచున్నది. జూలియా ఎవరికి తలుపు తీయునని పోలీసులడుగగా వాలెసు చెప్పిన పేర్లలో ఇరువది రెండేండ్ల యువకుడొకడు. అతడు పూర్వమదే కంపెనీలో పనిచేసి, వాలెసు జబ్బుపడినప్పుడు అతని బదులు వసూళ్లు చేసి, లెక్కలలో తేడా వచ్చినవాడు. ఇంటిలో సొమ్ముపెట్టె ఎచ్చట నుండునో ఎరిగినవాడు. ఈ హత్యకై ఎన్నడును విచారణకు నిలువని మనుష్యుడు కనుక ఇచ్చట పేరు వ్రాయుట ఉచితము కాదు. పోలీసువారతనిని ప్రశ్నించి వాఙ్మూలము గైకొనిరి. సోమవారము సాయంకాలము 5-30 మొదలు రాత్రి 11-30 వరకు తాను పెండ్లాడబోవు యువతితో నుంటినని అతడు చెప్పెను. ఆ యువతి వాఙ్మూలమును పోలీసువారు విడిగా వ్రాసికొనిరి. ఆమె మాట ప్రకారము అతడు వచ్చినది 5-30కు కాదు, ఏడు దాటిన పిమ్మటనే, 7-35 ప్రాంతమున. అనగా క్వాల్‌ట్రో టెలిఫోను చేసిన వేళకు ఈ యువకుని అలిబీలో పెద్ద రంధ్రమున్నది. ఆ రంధ్రము పోలీసువారి దస్త్రములోనే, రెండు కాగితముల నడుమ, కన్నులెదుట నున్నది. దానిని గూర్చి అతనిని మరల నడిగిరా, అతడేమి బదులు చెప్పెనను ప్రశ్నలకు ఆ కాగితములలో జవాబు లేదు. హత్య జరిగిన మంగళవారము రాత్రి 8-30 వరకు వేరొక యింట నుంటినని అతడు చెప్పినదానికి ఆ ఇంటివారి మద్దతు లభించెను. ఆ మద్దతుతో సోమవారపు సంగతి కూడ తీరిపోయినట్లే వ్యవహరించిరి. ఈ వాఙ్మూలములు జ్యూరీ యెదుటకు రాలేదు. దశాబ్దముల తరువాత పరిశోధకులు వాటిని చూచిరి. 1981లో లివర్‌పూలు రేడియో సిటీ వారు ఈ విషయమును చర్చకు తెచ్చిరి. యువకుడు అంతకు ముందటి యేడే, 1980లో, మరణించియుండెను.

ఈ రంధ్రము అతనిని హంతకునిగా నిరూపింపదు. నిర్దోషులు కూడ తేదీలు తారుమారు చేయుదురు, భయముచేత అబద్ధమాడుదురు. కాని ఒకే దస్త్రమున ఒకని పదునెనిమిది నిమిషములను ట్రాముల వెంట పరుగెత్తి మరీ కొలిచినవారు, మరియొకని రెండు గంటల తేడాను కొలువక విడిచిపెట్టుట నిష్పాక్షిక విచారణ యనిపించుకొనదు. అలిబీలను తూచు తీరును 2004లో పరిశీలించిన ఆల్సన్, వెల్స్ అను మనస్తత్త్వవేత్తలు వాటి బలమును రెండు కొలతలపై విభజించిరి: కాగితము, టికెట్టు, యంత్రపు గురుతు మొదలగు భౌతికసాక్ష్యమెంత, సాక్షి బంధువా, అపరిచితుడా. ఈ కొలతలతో చూచినచో వాలెసు పక్షమున ట్రాము కండక్టరు, కానిస్టేబులు మొదలగు అపరిచితులున్నారు. యువకుని పక్షమున స్నేహితులును, పెండ్లాడబోవు పడుచును. ఆ పడుచు మాట కూడ అతనికి విరుద్ధము. అయినను అనుమానము అపరిచితుల సాక్ష్యమున్నవానినే పట్టుకొనెను. ఒక పర్యాయము ఒకని పేరు మనస్సున నాటుకొనిన పిమ్మట అనుకూలించు అంకెను వెదకుటయు, ప్రతికూలించు అంకెను మరచుటయు మానవస్వభావము. డిటెక్టివులు దానికి అతీతులు కారు.

1931 ఏప్రిల్ 22 మొదలు 25 వరకు సెయింటు జార్జి హాలున విచారణ జరిగెను. జస్టిసు రైటు తన ప్రసంగమున నిర్దోషిత్వమువైపే మొగ్గినను, జ్యూరీ సుమారు గంటసేపు మాత్రమే ఆలోచించి దోషియని చెప్పగా, ఉరిశిక్ష విధింపబడెను. అప్పీలు న్యాయమూర్తులకు సద్బుద్ధి కలుగవలెనని లివర్‌పూలు కెథెడ్రలున ప్రత్యేక ప్రార్థనలు జరిగెను. మే 19న లార్డు చీఫ్ జస్టిసు హ్యూవర్టు అధ్యక్షతన క్రిమినల్ అప్పీలు కోర్టు, సాక్ష్యము ఆ తీర్పును సమర్థింపజాలదని శిక్షను రద్దుచేసెను. 1907 నాటి చట్టము వచ్చిన తరువాత ఆ కారణముపై హత్యాశిక్ష రద్దగుట అదియే మొదలు. వాలెసు విముక్తుడయ్యెను గాని ఊరి అనుమానమునుండి కాదు. ఇరుగుపొరుగుల చూపులు సహింపలేక నదికావలకు పోయి నివసించి, 1933 ఫిబ్రవరి 26న మూత్రపిండవ్యాధిచే మరణించెను. ఈ హత్యకై మరెవ్వరును విచారింపబడలేదు.

మన దేశమున ఈ ధర్మము 1872 నాటి సాక్ష్య చట్టము 11వ సెక్షనులో నుండెడిది. నేరము కలకత్తాలో జరిగినదిగా ఆరోపింపబడగా ముద్దాయి ఆనాడు లాహోరులో నుండెననుట ప్రసక్తసాక్ష్యమని అందలి దృష్టాంతము. అతడు అచ్చటనుండి నేరస్థలమునకు చేరుట అసాధ్యము కాకున్నను మిక్కిలి అసంభావ్యమైనంత దూరమున నుండుట కూడ ప్రసక్తమే యని ఆ దృష్టాంతమే చెప్పును. అసంభావ్యత యనగా దోషపరిమితికి చట్టము పెట్టిన పేరే. 2024 జూలై నుండి అమలులోనికి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమమున ఇది 9వ సెక్షనుగా నున్నది. ఊళ్లు మాత్రము చెన్నై, లడఖ్ అయినవి. సెల్‌ఫోను టవర్లును వీధి కెమెరాలును నేటి అలిబీలకు ఆధారములైనను, కెమెరా గడియారము ఎంత ముందున్నదో వెనుకనున్నదో సరిచూచి వ్రాయనిచో అదియు ఆ చర్చి గడియారము వంటిదే. పాఠకులలో నెవరికైనను పోలీసువారి యెదుట వాఙ్మూలమిచ్చు అవసరము కలిగినచో, గంట మాత్రము చెప్పి లేచిపోవలదు. ఆ గంట ఏ గడియారము చూచి తెలిసినదో, చూడక ఊహించినదైనచో ఎంత ఇటు అటు కావచ్చునో కూడ వ్రాసికొమ్మని కోరి, వ్రాసినదానిని చదివి వినిపింపుమని అడుగుడు.